కాగితం మీద నలభై సెంటీమీటర్లు ఎక్కువ పారుతున్న నది

ప్రజారోగ్య అధికారి గారి సముఖానికి,

సూక్ష్మజీవశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థిని, నది గేజి రీడరు గారి పెద్దకూతురు సమర్పించుకుంటున్న అర్జీ.

బుధవారం, ఉదయం పదకొండు గంటలు.

విషయం: ఆస్పత్రి శుద్ధి చెరువు నుండి నదిలోకి వదులుతున్న నీటిలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉండుట; నది లోతు ప్రతిదినం తప్పుగా నమోదగుట; మా నాన్నగారి కుడికాలు శుక్రవారం తీసివేయనుండుట; ఇందుకు సంబంధించిన పరీక్ష ఫారం మీద తమ సంతకం ఈ రోజే కోరుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ మొదట పదకొండు పేజీలు రాశాను. అందులో నది మొదటి పేజీలో ఉంది, మా నాన్న తొమ్మిదో పేజీలో ఉన్నారు. తమ ఆఫీసు మెట్ల పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టిపెట్టే తాతగారు మొత్తం ఓపిగ్గా చదివి, ఎవరి కోసం రాశావమ్మా అని అడిగారు. ప్రజల కోసం అన్నాను.

"శుక్రవారం ఆపరేషను బల్ల ఎక్కేది ప్రజలా?" అన్నారాయన.

అర్జీకి ఒక్క కోరికే ఉండాలట. ఐదు కోరితే అన్నిటికంటే తేలికైనది ఒకటి తీర్చి ఫైలు మూసేస్తారట. "తగు చర్య తీసుకోవలసిందిగా" అన్న మాట నాకు ఎంతో నచ్చి ఆరు చోట్ల వాడాను. ఆరూ ఆయన కొట్టేయించారు. తగు చర్య అంటే వాళ్లకు తోచిన చర్య అని, నీకేం కావాలో అదే రాయమని చెప్పారు. కనుక నాకు కావలసినది ముందే రాస్తున్నాను. దీనికి జతపరచిన ఫారం రెండో పేజీ అడుగున తమ సంతకం కావాలి. ఎందుకు కావాలో ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. మా నాన్నగారు ఇరవై రెండేళ్లుగా జలవిభాగంలో దినసరి ఉద్యోగి. పాత వంతెన కింద నదిలో ఒక కాంక్రీటు స్తంభం, దానికి సెంటీమీటర్ల గీతలున్న ఇనుప పలక ఉన్నాయి. దాన్నే గేజి అంటారు. ప్రతి ఉదయం ఎనిమిదింటికి నాన్న నడుము దాకా నీళ్లలోకి దిగి, పలక మీది నాచును కొబ్బరిపీచు బ్రష్షుతో తోమి, నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి, గట్టెక్కి ఆఫీసుకు ఫోను చేస్తారు. ఆఫీసులో ఆయన్ని 'అంగుళం' అని పిలుస్తారు. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు కూడా అంచనాగా చెప్పలేదు. మా అమ్మ పురిటి నొప్పులు పడుతున్న రోజు కూడా నదిలోకి దిగి, గీత చూసి, ఫోను చేశాకే వచ్చారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ పురిటిలో పుట్టినది నేనే.

2. ఆరు వారాల కిందట నాచు మీద కాలు జారి, పలక అడుగు అంచు నాన్న కుడి పిక్కను చీరింది. వేలెడు పొడవు గాయం. తువ్వాలు చుట్టి, ముందు రీడింగు చెప్పి, తర్వాత కాలు చూసుకున్నారు. మర్నాడు మళ్లీ అదే నీళ్లలో నిలబడ్డారు. అలా మూడు వారాలు నిలబడ్డారు. వీధి చివరి డాక్టరు గారు మొదట ఐదు రోజుల మాత్రలు ఇచ్చారు. తర్వాత రంగు మారిన మాత్రలు. తర్వాత ఇంజక్షన్లు. పుండు చుట్టూ ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి అమ్మ ప్రతి సాయంత్రం బాల్‌పెన్నుతో గీత గీసేది. ప్రతి ఉదయం ఎరుపు ఆ గీత దాటి ఉండేది. పందొమ్మిది రోజుల కిందట చలిజ్వరంతో ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ మరో మూడు మందులు ఎక్కించారు. మొత్తం ఆరు. ఒక్కటీ పనిచేయలేదు.

3. నాన్న మంచాన పడ్డాక గేజి దగ్గరికి నేను వెళ్తున్నాను. ఇది నిబంధనలకు విరుద్ధమని నాకు తెలుసు. ఫోను తీసుకునే గుమాస్తా గారు, "అంగుళం గారి అమ్మాయివి, గీత తప్పవులే," అని ఒప్పుకున్నారు. ఆయన మాటను నేను ఇక్కడ రాయడం ఆయనకు కీడు చేయడానికి కాదు. నిజం కనుక రాశాను.

4. మొదటి వారంలోనే మా కాలేజీలో నీటి ప్రయోగం వచ్చింది. తలా ఒక సీసా నీళ్లు తెమ్మన్నారు. తక్కినవాళ్లు ఇంటి కుళాయివీ హాస్టలు ట్యాంకువీ తెచ్చారు. నేను గేజి దగ్గరివి తెచ్చాను, ఎలాగూ పొద్దున్నే అక్కడే ఉంటాను కనుక. ఆ నీళ్లలోని బ్యాక్టీరియాను విడిగా పెంచి, గాజు పళ్లెంలో పోషక పదార్థం మీద పలచగా పూసి, యాంటీబయాటిక్ మందులు అద్దిన కాగితపు బిళ్లలు ఎనిమిది పెట్టి, ఒక రాత్రి వెచ్చగా ఉంచాలి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం ఏర్పడుతుంది. స్నేహితురాళ్ల పళ్లేల్లో రూపాయి నాణెమంత వలయాలు వచ్చాయి. నా పళ్లెంలో ఒక్కటీ లేదు. ఎనిమిది బిళ్లలనూ ఆనుకుని, వాటి అంచుల మీదికి కూడా ఆకుపచ్చగా పెరిగింది. మూత తీస్తే మాగిన ద్రాక్షపళ్ల వాసన వేసింది.

మా మేడమ్ బిళ్లలకు గడువు తీరి ఉంటుందన్నారు. ల్యాబులో గాజుసామాను చూసుకునే మావయ్యకు రోషం వచ్చింది. బిళ్లల డబ్బా తెచ్చి తేదీ చూపించి, "నా బిళ్లలు తాజావే తల్లీ, నీ నదే పాతబడింది," అన్నాడు. మళ్లీ చేశాను. అప్పుడూ అంతే. మూడోసారి రెండు సీసాలు తెచ్చాను. ఒకటి గేజి దగ్గరివి, రెండోది అక్కడికి ఎగువన, ఆస్పత్రి శుద్ధి చెరువు తూము నీళ్లు కలవకముందు ఉన్న నీళ్లు. ఎగువ నీళ్ల పళ్లెంలో ఎనిమిది వలయాలు. గేజి నీళ్ల పళ్లెంలో సున్నా. మేడమ్ రెండు పళ్లేలనూ కిటికీ వెలుతురులో చాలాసేపు పట్టుకుని చూశారు. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఈ నీళ్లలోకి దిగావా? కాళ్లకు ఏమైనా దెబ్బలున్నాయా?" అని. నాకు లేవు అన్నాను. అలా అంటుండగానే నాన్న కట్టు మీద రోజూ కనిపించే ఆకుపచ్చ మరక గుర్తొచ్చింది. ఆ వాసన నాకు ఎక్కడ తెలుసో కూడా గుర్తొచ్చింది. ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

5. ఈ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చాయంటే: ఆస్పత్రిలో రోగులు వాడిన మందుల అవశేషాలు, ఆ మందులను తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియా, రెండూ మురుగునీటితో శుద్ధి చెరువులోకి చేరతాయి. చెరువు శుద్ధి చేస్తుంది కానీ పూర్తిగా చేయలేదు. కొద్దికొద్దిగా మందు కలిసిన నీళ్లలో బలహీనమైనవి చచ్చిపోతాయి, గట్టివి మిగిలి పెరుగుతాయి. అంతటితో ఊరుకోవు. మందును తట్టుకునే విద్య వాటి లోపల చిన్న జన్యు ముక్కల రూపంలో ఉంటుంది. ఒక బ్యాక్టీరియా తన పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఆ ముక్కను అందించగలదు. ఆస్పత్రి ముఖం చూడని నది బ్యాక్టీరియా కూడా ఆస్పత్రి మందులను ఓడించడం నేర్చుకుంటుంది. దీన్ని పుస్తకంలో చదివినప్పుడు ఎంత అందమైన ఏర్పాటు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఒళ్లు బాగున్నవాళ్లు ఈ నీళ్లలో మునిగి లేచినా చాలామందికి ఏమీ కాకపోవచ్చు. అందుకే ఇది ఎవరికీ కనపడదు. గీసుకుపోయిన చోట, పసిపిల్లల చెవుల్లో, ముసలివాళ్ల పుండ్లలో బయటపడుతుంది. గేజికి రెండు వందల గజాల దిగువన ఈతమెట్లు ఉన్నాయి. శనివారాలు రెండు బడుల పిల్లలు అక్కడ ఈత నేర్చుకుంటారు. వాళ్ల మోకాళ్లు తమరు ఎప్పుడైనా చూశారో లేదో. చెక్కుకుపోని మోకాలు ఒక్కటీ ఉండదు.

6. ఇది తెలిసే పెద్దలు ఒక నిబంధన పెట్టారు. నది గేజి దగ్గర నూట యాభై సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటేనే చెరువు తూము తెరవాలి. అంత నీటిలో కలిస్తే మురుగు బాగా పలచబడుతుంది. తగ్గితే తూము మూయాలి. నాన్న చెప్పిన అంకెను గుమాస్తా గారు రిజిస్టరులో ఎక్కించి ఎనిమిదిన్నరకల్లా ఆస్పత్రికి చెబుతారు. ఆ అంకెను బట్టి తూము తెరుస్తారు, మూస్తారు. ఈ ఏడు వానలు లేవు. నది నా కళ్ల ముందే చిక్కిపోయింది. మేము చెప్పే అంకె నూట యాభైకి తగ్గి అరవై ఒక్క రోజులైనా తూము మూయలేదు. అది ఎలాగో నాకు అర్థం కాలేదు.

గడచిన శుక్రవారం ఫోనులో గరగర ఎక్కువగా ఉండి, గుమాస్తా గారిని అంకె తిరిగి చదవమన్నాను. నేను చెప్పినది నూట పద్నాలుగు. ఆయన నూట యాభై నాలుగు అని చదివారు.

"బాబాయ్ గారూ, నూట పద్నాలుగండీ."

"అదేనమ్మా. నలభై కలిపాను."

"నలభై నేను కలిపే చెప్పానండీ. పలక మీద డెబ్బై నాలుగే ఉంది."

అవతల రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

అయ్యా, జరిగినది ఇది. రెండేళ్ల కిందటి వరదలో గేజి పలక కొట్టుకుపోయింది. స్తంభం అడుగు భాగం పెచ్చులూడిపోవడం వల్ల కొత్త పలకను ఉండవలసిన చోటికి నలభై సెంటీమీటర్లు పైన బిగించారు. పలక పైకి జరిగితే అంకె తక్కువ చూపిస్తుంది, కనుక నలభై కలపాలి. అప్పటి ఇంజనీరు గారు గట్టు మీద నిలబడి నాన్నతో నలభై కలిపి చెప్పమన్నారు. అదే సాయంత్రం ఆఫీసుకు, గేజి అంకెకు నలభై కలిపి రాయమని చీటీ పంపారు. ఆ చీటీ ఇప్పటికీ గుమాస్తా గారి బల్ల అద్దం కింద ఉంది. తర్వాత ఆ ఇంజనీరు గారు బదిలీ అయ్యారు. ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఆజ్ఞ జవదాటనివాళ్లు, రెండేళ్లు ఒక్క రోజు మరవకుండా చెరో నలభై కలుపుతూ వచ్చారు. వీళ్లలో ఒక్కరు బద్ధకస్తులైనా ఈ తప్పు జరిగేది కాదు. పోయిన ఏడు నీళ్లు నిండుగా ఉండడం వల్ల ఎనభై కలిపినా నలభై కలిపినా తూముకు తేడా రాలేదు. ఈ ఏడు వచ్చింది. నిజమైన నది నూట పద్నాలుగు. కాగితం మీది నది నూట యాభై నాలుగు. తూము కాగితాన్ని చూసి తెరుచుకుంది. నాన్న నిజమైన దాంట్లో నిలబడ్డారు.

నేను ఆఫీసుకు పరుగెత్తి రిజిస్టరు చూశాను. గుమాస్తా గారు అద్దం కింది చీటీకేసి చూస్తూ కూర్చున్నారు. "మీ నాన్నా నేనూ కలిసి నదిని పెంచామమ్మా," అన్నారు. నవ్వబోయారు.

7. ఆ శుక్రవారమే, నాన్నతో చెప్పకముందే, నేను ఈ క్రింది కార్యాలయాలకు వెళ్లాను. ఇప్పటి ఇంజనీరు గారు దిద్దుబాటుకు కొత్త సర్వే జరగాలని, అందాకా ఉన్న పద్ధతే కొనసాగాలని, నదిలో ఎన్ని నీళ్లున్నాయన్నదే తమ పని తప్ప నీళ్లలో ఏముందన్నది కాదని సెలవిచ్చారు. ఆస్పత్రి నిర్వాహకులు రెండు నెలల అంకెలు నా ముందు పెట్టి, తూము నిబంధన ప్రకారమే తెరుస్తున్నామన్నారు. అది నిజమే. తమ కార్యాలయం ముందు గదిలో నా పళ్లేల ఫోటోలు చూపిస్తే, నీటి పరీక్ష పత్రంలో బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో రాయడానికి గడి ఉంది కానీ అవి దేనికి చావవో రాయడానికి గడి లేదన్నారు. అంకె హద్దులోనే ఉందట. ఎన్ని ఉన్నాయని కాక ఎలాంటివి ఉన్నాయని అడగరా అన్నాను. "గడి ఉంటే అడుగుతామమ్మా," అన్నారు. అన్నవారు మంచివారే. నాకు మంచినీళ్లు కూడా ఇచ్చారు.

8. ఇక్కడ నా నేరం ఒకటి రాయాలి. తప్పు తెలిసినది శుక్రవారం. శనివారం నుంచి నిన్నటి దాకా నాలుగు రోజులు, తెలిసి తెలిసి, పాత పద్ధతిలోనే కలిపి చెప్పాను. గుమాస్తా గారు కూడా తెలిసి తెలిసి ఇంకో నలభై కలిపారు. శనివారం పిల్లలు ఈతకు వచ్చారు. నేను వంతెన మీద నిలబడి చూశాను. కిందికి దిగి వాళ్ల మాస్టారితో చెప్పాను. ఆయన నా వయసు అడిగి, ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు.

సరైన అంకె ఎందుకు చెప్పలేదంటే, నాన్న వద్దన్నారు. శుక్రవారం సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. ఒళ్లు కాలిపోతోంది.

"అది రాయకు తల్లీ. అంగుళం లెక్క తప్పాడంటారు. కాలైనా ఉండనీ, కొలువైనా ఉండనీ. రెండూ ఒకే కాగితం మీద పెట్టకు."

ఇరవై రెండేళ్లు దినసరి మీదే ఉంచారు, తీసేయడానికి ఒక ఫోను చాలు. అది నాకూ తెలుసు. అందుకే నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. నిన్న మధ్యాహ్నం సర్జను గారు వచ్చి, ఇవ్వదగ్గ మందులన్నీ అయిపోయాయని, ఇంక మోకాలి పైకి తీయక తప్పదని, శుక్రవారం అని చెప్పి వెళ్లారు. నాన్న గోడకేసి తిరిగి పడుకున్నారు. అమ్మ పళ్లెం కడిగింది, దుప్పటి మడిచింది, మడిచిన దుప్పటి మళ్లీ మడిచింది. తర్వాత ఆయన వీపుతో మాట్లాడింది. "ఒంటికాలితో ఏ నదిలోకి దిగుతావయ్యా? కాలు పోయాక నీ కొలువు నీ కోసం గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తుందా?"

నాన్న ఇటు తిరగలేదు. గోడకేసి చూస్తూనే, "డెబ్బై మూడో డెబ్బై నాలుగో, పలక మీద ఉన్నదే చెప్పమను," అన్నారు.

9. ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి పలక మీద డెబ్బై మూడు ఉంది. డెబ్బై మూడనే చెప్పాను. నేను కలపలేదని, మీరే కలపమని, ఒక్కసారే కలపమని గుమాస్తా గారితో అన్నాను. ఆయన, "పోనీలే, ఎలాగూ ఆరు నెలల్లో ఇంటికి పోయేవాణ్ణి," అని నూట పదమూడు రాశారు. తొమ్మిదింటికి తూము మూశారు. అరవై ఒక్క రోజుల కిందటే మూయవలసినది.

దీనివల్ల చెరువు మూడు రోజుల్లో నిండుతుంది. అది తమరు తెలుసుకోవాలని రాస్తున్నాను, దాచడం లేదు. ఆ నీటిని ట్యాంకర్లలో పెద్ద శుద్ధి కేంద్రానికి పంపడమా, మందులూ బ్యాక్టీరియా రెండూ తగ్గేలా ఇక్కడే ఏర్పాటు చేయడమా, తమకు తెలియాలి. నాకు తెలిసినది ఒక్కటే. దాన్ని నదిలోకి వదలకూడదు. పదింటికి ఆస్పత్రి నుంచి ఒకాయన నాన్న మంచం దగ్గరికి వచ్చి, మీ అమ్మాయి వల్ల మా చెరువు పొంగేలా ఉందని చెప్పి వెళ్లారట. రోగిగా ఉన్న మనిషితో ఆ మాట అనవచ్చునా అని మా అమ్మ తమను అడగమంది. అడిగాను.

10. ఇక ఫారం సంగతి. మా మేడమ్ దగ్గర తొమ్మిదో బిళ్ల ఒకటి ఉంది. అది పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని చాలాకాలం పక్కన పెట్టి, ఇప్పుడు ఏదీ పనిచేయనప్పుడు చివరగా వాడడానికి తాళం వేసి ఉంచుతున్నారు. తాళం వేయడం సరైనదే. అందరికీ ఇస్తే అదీ పోతుంది. నా నది పళ్లెంలో దాన్ని పెట్టాం. మర్నాడు దాని చుట్టూ వలయం వచ్చింది. చిన్నది. చిటికెన వేలి గోరంత వెడల్పు. కానీ వచ్చింది.

పరీక్షలో మార్కులు పోయినా సరే, నిజాయితీగా రాస్తున్నాను. నా పళ్లెంలో ఉన్నది నది బ్యాక్టీరియా. నాన్న కాలిలో ఉన్నది అదేనని నా దగ్గర రుజువు లేదు. రంగూ వాసనా ఒకటే, అంతే. పైగా ఈ మందు విషయంలో బిళ్ల పరీక్షను నమ్మి వైద్యం చేయకూడదని, పెద్ద ప్రయోగశాలలో వేరే పద్ధతిలో చూడాలని మేడమ్ గట్టిగా చెప్పారు. కనుక నేను మందు అడగడం లేదు. నాన్న పుండు నుంచి తీసిన నమూనాను ఆ మందుతో పరీక్షించమని అడుగుతున్నాను. అది తాళం మందు కాబట్టి పరీక్షకు కూడా ప్రజారోగ్య అధికారి సంతకం ఉండాలట. నమూనా ఈ రోజు రెండు గంటల బస్సులో వెళితే సాయంత్రానికి పెద్ద ప్రయోగశాలకు చేరుతుంది. శుక్రవారం ఉదయానికి ఫలితం వస్తుంది. రేపటి బస్సులో వెళితే శనివారం వస్తుంది. శనివారం ఆ ఫలితం ఎవరి కాలికి?

సర్జను గారు కఠినులు కారు. నిన్న నన్ను వరండాలోకి పిలిచి నా ఫోటోలన్నీ చూశారు. "శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతాను. జ్వరం పైకెళ్తే మాత్రం ఆగను. ఫలితం వస్తే మందు మొదలుపెడదాం. రాకపోతే మనిషిని కాపాడుకోవాలి కదమ్మా," అన్నారు. ఆయన అన్నది న్యాయం. నాన్నకు కాలు ఉండాలని కోరేది నేనే, మనిషి ఉండాలని కోరేదీ నేనే. ఆ రెంటి మధ్య ఎంత సమయం ఉందో అది తమ బల్ల మీద ఉంది.

ఈతమెట్ల దగ్గర బోర్డు పెట్టడం, నీటి పరీక్ష పత్రంలో కొత్త గడి చేర్చడం, గేజి పలకను సరైన చోట బిగించడం, ఆజ్ఞ పాటించిన ఇద్దరు ఉద్యోగులను శిక్షించకుండా ఉండడం, ఇవన్నీ వేరే అర్జీగా రేపు రాస్తాను. దానికి ఎన్ని రోజులైనా తమ చుట్టూ తిరుగుతాను, తమకు విసుగొచ్చినా తిరుగుతాను. ఈ అర్జీకి కోరిక ఒక్కటే. సంతకం.

పైన రాసినదంతా నాకు తెలిసినంతలో నిజం. నాకు తెలియనిచోట తెలియదనే రాశాను. గంట చూసుకుని, రెండు కాకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గేజి రీడరు గారి పెద్దకూతురు

జతపరచినవి: నది పళ్లేల ఫోటోలు ఆరు, రిజిస్టరు పేజీ నకలు ఒకటి, అద్దం కింది చీటీ నకలు ఒకటి, పరీక్ష ఫారం ఒకటి, రెండో పేజీ పైకి వచ్చేలా మడిచినది.

తా.క. ఇది చేత్తో రాస్తున్నాను. గంట ఒకటీ పది. తమరు మూడింటి దాకా ఈ గదిలోనే సమావేశంలో ఉంటారని, కాగితాలు సాయంత్రం లోపలికి వెళ్తాయని అటెండరు గారు చెప్పారు. బతిమాలాను. ఆయన తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నారు. నాన్న పుండు నమూనా నా దగ్గరే ఉంది. సర్జను గారే తీసి, ఐసు పెట్టిన ఫ్లాస్కులో పెట్టి ఇచ్చారు. ఫారం లేకుండా దాన్ని బస్సువాళ్లు ఎక్కించుకున్నా అక్కడ తీసుకోరు. ఇందాక అమ్మ ఫోను చేసింది. జ్వరం నూట రెండున్నర. పొద్దున నూట ఒకటే ఉంది.

ఇప్పుడే అటెండరు గారు టీకి లేచారు. అందుకని ఈ అర్జీని తలుపు కింది సందులోంచి లోపలికి తోస్తున్నాను. దాని వెనకే ఫారం తోస్తున్నాను, దాని వెనక నా పెన్ను కూడా. అది రాస్తుంది, చూశాను. తమరు లేచి తలుపు తీయనక్కర్లేదు, నాతో మాట్లాడనక్కర్లేదు, నన్ను తిట్టాలనుకుంటే రేపు పిలిచి తిట్టండి. సంతకం పెట్టి అదే సందులోంచి ఇవతలికి తోసేయండి చాలు. నేను ఇవతల నేల మీదే కూర్చున్నాను.